నకలు

శ్రీకాకుళం కలెక్టరేట్లో కంట్రోల్ రూము పక్కన
పాత స్టేషనరీ తీయించి నాకిచ్చిన గది.
బల్లకి మూడు కాళ్ళు సరైనవి,
నాలుగోదాని కింద ఎప్పటిదో ఓటర్ల జాబితా.
అక్కడ కూచుని తొమ్మిది వారాలు
సర్వరు రాశాను.

జిల్లా మ్యాపు మీద చుక్క వెలగాలంటే
ముందు ఎవరో ఒకరు చెప్పాలి,
చెప్పింది ఎక్కడో ఓచోట నిలవాలి,
నిలిచింది అందరి తెరల మీదికీ
రెప్పపాటులో పారాలి.
నా పని ఆ మధ్యన, చెరువు మదుములాగ.
తలుపెత్తితే పోతుంది, దించితే ఆగుతుంది.
గట్టు మీద నడిచేవాళ్ళకి కనపడదు.

పరీక్షకని పదివేల మందిని పుట్టించాను.
ఒకటో మనిషి, రెండో మనిషి, పదివేలో మనిషి.
అందరూ ఒక్క నిమిషంలో కేకేశారు.
సర్వరు తొణకలేదు.
ఆ పూట బజారుకెళ్ళి రెండు ప్లేట్లు పునుకులు తిన్నాను.
పదివేల మందిలో ఒక్కరికీ
కాలు తడవలేదని
అప్పుడు తోచలేదు.

ఇంకో నిబంధన రాశాను, కాస్త గర్వంగానే:
అదే నంబరు, అదే ఊరు,
అరగంట లోపు మళ్ళీ వస్తే
నకలు.
పాత వరుస ఉంచు, కొత్తది పారెయ్.

భాద్రపదంలో ఒడిశా కొండల మీద మూడు రోజులు పట్టిన ముసురు
గొట్టా దగ్గర గేట్లన్నీ ఎత్తించింది.
ఆ రాత్రి వంశధార ఒడ్డున ఒక పేట మీద
ఒకటే పసుపు చుక్క. స్వల్పం.
తెల్లవార్లూ పసుపుగానే ఉంది.
లాగ్ చూసుకుంటూ, ఒక్క తప్పూ లేదని మురిశాను.

తెల్లారగట్ల వైర్లెస్ సెట్టు దగ్గర్నించి
సీపాన గవరయ్య గారు టీ గ్లాసుతో వచ్చి
తన రిజిస్టరు నా కీబోర్డు మీద పెట్టారు.
వచ్చిన ఫోను ఆయన వింటారు, చేత్తో రాసుకుంటారు.
పక్క కుర్చీలో పిల్ల టైపు చేస్తుంది.
నా నిబంధన పారేస్తుంది.

దున్న నీలవేణి.
11.40. చీలమండ.
11.55. పిక్క.
12.10. మోకాలు. పొయ్యి మునిగిపోనాది అంది.
12.20. మంచం పట్టె. పెయ్యని ఇప్పీసినాను అంది.
12.40. నడుం. పిల్లలు అటక మీద.
1.00. మాట లేదు. నీళ్ళ చప్పుడు.
1.15. బావూ, ఉన్నారా?

ఏడు వరుసలు.
నా దగ్గర ఒకటి. మొదటిది.
చీలమండ.

"ఒంటిగంటకే పడవ పంపీసినాన్లే" అన్నారాయన.
"మీ సుక్క రంగు మారతాదేమోనని సూసినాను.
మారలేదు మరి."
ఆపైన ఒక్క మాట అనలేదు.
తన టీలో సగం నా గ్లాసులోకి వంచారు.

మధ్యాహ్నానికి ఆ నిబంధన తీసేశాను.
కొత్త గడి ఒకటి చేర్చాను: నీరు ఎందాకా.
అంకెలు అడగలేదు. ఎవరు మునుగుతూ మీటర్లు లెక్కపెడతారు?
పిక్క, పట్టె, పొయ్యిగట్టు, అటక,
మాట ఎలా వస్తే అలా తీసుకోమన్నాను.
దేని తర్వాత ఏదో సర్వరుకి నేర్పించాలి కదా,
గవరయ్య గారు నిలబడి
తన ఒంటి మీదే చెయ్యి పెట్టి
ఒక్కొక్కటీ చూపించారు.
గొంతు దగ్గర చెయ్యి ఆపి
"ఇక్కడికొచ్చాక ఫోన్లుండవు" అన్నారు.
అదీ రాసుకున్నాను.
పిలుపులు హఠాత్తుగా ఆగిన ఊరు
ఎర్రబడాలి.

పొద్దువాలాక శిబిరం నుంచి ఎనిమిదో ఫోను.
అదే నంబరు.
"పెయ్య దొరికీసినాది బావూ.
మీకు సెప్పాలని సేసినాను."

ప్రమాదం, సాయం, తిండి, మందులు.
నేను పెట్టిన నాలుగింటిలో ఎక్కడా పట్టదు.
ఏ రకం, అని అడుగుతోంది తెర.
ఆ గడి ఖాళీగా వదిలి
భద్రపరిచాను.